నిలబడి వండే పొయ్యి

గునపాన్ని గుమ్మానికి ఆనించి సత్యానందం చేతులు దులుపుకున్నాడు.

"మధ్యాహ్నం అన్నం వేళకి ఆ పొయ్యి కనబడకూడదన్నారు మేనేజరు గారు. మనం కూల్చకపోతే కూలీల్ని పెట్టి కూల్పిస్తారట. ఆ పైన ఈ ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలట."

సీమోను ఉలి నూరుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"గునపం ఎవరు తెచ్చార్రా?"

"నేనే."

"తెచ్చినవాడివి నువ్వే పట్టుకుపో."

ఉలి మళ్ళీ సానరాతి మీద గరగరమంది.

మూలనున్న నులకమంచం మీద సత్యానందం భార్య పుష్పమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాలు రెండింటికీ కొబ్బరినూనెలో సున్నపుతేట గిలక్కొట్టి తడిపిన గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఆడపిల్లల బోర్డింగు వంటపాకలో మామాకోడళ్ళు పంతం పట్టి కట్టించిన ఎత్తు పొయ్యి అది. వండిన మొదటి రోజునే వేడిగంజి ఆమె పాదాల మీద పడింది. మొన్నటి నుంచి మిషను కాంపౌండులో ఏ గుమ్మంలో చూసినా ఇదే ముచ్చట. పొయ్యి కట్టిన అబ్రహాం మేస్త్రికి జంగారెడ్డిగూడెంలో చుట్టాలున్నారని నిన్ననే గుర్తొచ్చింది. మూటా ముల్లే సర్దుకుని బస్సెక్కేశాడు.

"పట్టుదలకి పోకండి నాన్నగారూ," అన్నాడు సత్యానందం. "నేను ఆ బళ్ళో మాస్టర్ని. తను ఆ బోర్డింగులో వంటమనిషి. ఈ ఇల్లు వాళ్ళది. మనం కూర్చున్న చోటే గొయ్యి తవ్వుకుంటున్నాం."

"కూర్చోబట్టే కదరా ఈ గొడవ."

"ఎగతాళి కాదండీ. పొయ్యి నేలనుండాలి గానీ మనిషి నడుముకి ఎక్కితే కాల్చదా అంటున్నారు అందరూ."

"పొయ్యన్నాక కాలుస్తుంది. నేల మీదున్నప్పుడు మీ అమ్మని కాల్చలేదా?"

"అమ్మ ఏనాడూ నొప్పి అనలేదు."

"నువ్వు అడగలేదు."

"మీరు అడిగారా?"

ఉలి ఆగిపోయింది. పాక చూరు నుంచి వాననీళ్ళు జారుతున్న చప్పుడు వినబడింది. సీమోను కొడుకు ముఖం కేసి చూసి, మళ్ళీ ఉలి అంచు కేసి చూసుకుని, బొటనవేలితో పదును పరీక్షించుకున్నాడు. 

సీమోను భార్య మరియమ్మ పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఆమె ఆ వంటపాకలోనే, నేల మీది పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, బోర్డింగు పిల్లలందరికీ వండింది. ఊదింది, వంగింది, ఎత్తింది, దించింది. చివరికి నడుము కొడవలి అయిపోయింది. దారిలో ఎదురైన మనుషుల్ని ముఖం చూసి కాదు, పాదాలు చూసి గుర్తుపట్టేది. "ఎవరూ, పాపారావు గారా? కాలిగోళ్ళు తీయించుకోండి బాబూ," అని నేలకేసి చూస్తూనే నవ్వేది. అందరూ ఆమెతో కలిసి నవ్వేవారు. సీమోను నవ్వేవాడు కాడు.

పోయిన ఏడాది చలికాలంలో ఒక పొద్దున్న పుష్పమ్మ పొయ్యి దగ్గర నుంచి లేస్తూ గుంజ పట్టుకుంది. లేచాక కూడా కాసేపు తిన్నగా నిలబడలేకపోయింది. మరియమ్మ వంగడం మొదలైంది కూడా అలాగే. అది చూసిననాడే సీమోను మనసులో ఈ పొయ్యికి పునాది పడింది.

"మావయ్యగారూ," అంది పుష్పమ్మ మంచం మీద నుంచి. "నేనొక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. పొయ్యి తప్పేనండి."

సీమోను తిరిగి చూశాడు.

"ఏమన్నావు?"

"ఎత్తు ఎక్కువైందండి. మీరు మీ పనిబల్ల ఎత్తుకి కట్టించారు. బల్ల మీద చెక్క పెట్టి చిత్రిక పడితే చేతులు ఆ చెక్క మీదే ఉంటాయి. పొయ్యి మీద అన్నం గుండిగ ఉంటుంది కదండీ. దాని మూతి నా గడ్డం దాకా వచ్చింది. దింపుదామని చేతులు భుజాల పైకెత్తాను. పక్కనున్న మంగాయమ్మ భయపడి మూత వదిలేసి గెంతింది. గంజి ఇంక ఎక్కడికి పోతుంది?"

సీమోను తన అరచేతుల కేసి చూసుకున్నాడు. నిజమే. కోడల్ని గోడకి నిలబెట్టి, ఆమె నడుము దగ్గర బొగ్గుతో గీత గీసింది తనే. కొల్లేటి ఒడ్డున తాటిమొద్దులు తొలిచి దోనెలు చేసిన చేతులవి. ఆ తరవాత ఏలూరు వచ్చి బల్లలూ బీరువాలూ చేశాయి. చేసే పని చేతి కింద ఉంటుందని వాటికి తెలుసు. చేతికీ పనికీ మధ్య మనిషి మొండెమంత గుండిగ ఉంటుందని వాటికి తట్టలేదు.

తట్టలేదన్న సంగతి తెలిసేసరికి అతనికి ఇంకా ఒళ్ళు మండింది.

"అయితే?" అన్నాడు.

"పైవరసలు కొన్ని తీసేద్దామండి. మోకాలికి జానెడు పైకి ఉంటే చాలు. గుండిగ మూతి నడుము దగ్గరికొస్తుంది. తీసిన ఇటుకలు పక్కనే పేర్చుకుందాం, అదే ఎత్తుకి. అప్పుడు గుండిగని ఎత్తక్కర్లేదు, దింపక్కర్లేదు. అలా పక్కకి జరిపి, అక్కడే వంచి వార్చుకోవచ్చు."

"ఒక్క ఇటుక తియ్యను."

"అదేమిటండీ!"

"ఆ మేనేజరు కూల్చమన్న రోజున మనం ఒక్కటి తీసినా కూల్చినట్టే లెక్క. 'చూశారా, దారికొచ్చారు' అంటాడు. మిగతావి రేపు వాడే పీకేస్తాడు."

"అక్కడ వండేది నేనండి. మీ పంతం వండదు."

సత్యానందానికి నవ్వు వచ్చింది. తండ్రి చూపు పడగానే ఆ నవ్వు దగ్గుగా మారింది.

సీమోను ఉలి గూట్లో పెట్టి, తాటాకు గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

వంటపాక ముందు పెరట్లో మంగాయమ్మ మూడు రాళ్ళు పెట్టి, పైన చాప ఒకటి కట్టి, కింద గొంతుక్కూర్చుని పొయ్యి ఊదుతోంది. బోర్డింగులో రెండో వంటమనిషి ఆమె. మేనేజరు గారి ఆజ్ఞ మీద పొద్దుటి నుంచీ ఆ వానలో నిప్పు పుట్టించాలని చూస్తోంది. పుట్టిందంతా పొగే. కట్టెలు తడిసి చీదుతున్నాయి.

"చూశారటండీ సీమోను గారూ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మీ కోడలు దొరసానిలా నిలబడి వండాలంటే, నేను కప్పలా ఈ బురదలో కూర్చోవాలి."

"లోపల పొయ్యుంది. పైన కప్పుంది. నిన్ను రావద్దన్నదెవరు?"

"అమ్మో! ఆ పొయ్యి నాకొద్దండి. నిలబడి వండితే ఇంట్లో సిరి నిలవదంటారు."

"నువ్వు ఇన్నాళ్ళూ కూర్చునే వండావు కదే. మీ ఇంట్లో సిరి కాలు చాపుకుని కూర్చుందా?"

మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. అంతలో చాప మీద నిలిచిన నీళ్ళు ఒక్కసారిగా పొయ్యిలోకి దిగాయి. రాళ్ళు సుయ్యిమన్నాయి. ఆమె లేచి, చేతిలో గొట్టం విసిరి కొట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ ఇంటిదారి పట్టింది.

"పిల్లలకి అన్నమేదే?" అని అరిచాడు సీమోను.

"మేనేజరు గారినడగండి!"

అడగవలసిన పని లేకుండానే మేనేజరు క్రీస్తుదాసు గొడుగేసుకుని వచ్చాడు. మెత్తటి మనిషి, మెత్తటి మాట. ఆ మెత్తదనంలో ఎక్కడ చెయ్యి పెట్టినా పట్టు దొరకదు. బోర్డింగు నడిపే మిషనరీ దొరసాని గారు ఎండలకి కోడైకెనాల్ కొండ మీదకి వెళ్ళి ఇంకా దిగి రాలేదు. ఆమె వచ్చేలోగా కాంపౌండు ఆమె వదిలి వెళ్ళినట్టే ఉండాలని అతని తాపత్రయం.

"సీమోను గారూ, మీరు పెద్దవారు. మీతో నేనేం చెప్పగలనండీ. కూలిన ప్రహరీ ఇటుకలు ఎత్తుకొచ్చారు, సరే. సెలవుల్లో చెప్పాపెట్టకుండా పొయ్యి కట్టారు, సరే. దేవుడు గంజి రూపంలో బుద్ధి చెప్పాడు. ఇప్పటికైనా తీసెయ్యండి."

"దేవుడికి నా కోడలి పాదాలే దొరికాయా, మేనేజరు గారూ?"

"అలా మాట్లాడకూడదండీ."

"మీరు మాట్లాడారు కదా అని మాట్లాడాను."

క్రీస్తుదాసు నిట్టూర్చాడు. "ఇది ఒక్క పొయ్యి సంగతి కాదండి. మన ఆడపిల్లలు చూస్తున్నారు. రేపు అత్తవారింటికి వెళ్ళి 'మేం కూర్చుని వండం, మాకు అరుగు కట్టించండి' అంటే మన బోర్డింగుకి ఎంత చెడ్డపేరు!"

"అనాలి."

"ఏమిటండీ?"

"ఆ మాట అనాలి. అనడానికే చదువు చెప్పించేది."

మేనేజరు ముఖంలో మెత్తదనం కొంచెం తగ్గింది. "మరియమ్మ గారిని చూసి నేర్చుకోవాలండీ ఎవరైనా. ఆ తల్లి ఎన్నేళ్ళు వండింది! నేల మీదే కూర్చుని వండింది. ఒక్కనాడు పెదవి విప్పిందా?"

సీమోను తాటాకు గొడుగు మడిచి గోడకి ఆనించాడు.

"ఆమె పెట్టె నేనే చేశాను, మీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసండి. సమాధి చేసిన రోజు నేనూ ఉన్నాను."

"పెట్టె దగ్గర లేరు. పాటల దగ్గర ఉన్నారు. అందరికీ చేసినట్టే ఆమెకీ ఒక పెట్టె చేశాను ముందు. వెల్లకిలా పడుకోబెడితే తల పైకి లేచింది. తల ఆనిస్తే కాళ్ళు లేచాయి. మూత పడలేదు. గొయ్యి తవ్వేవాళ్ళు మోకాళ్ళ మీద చెయ్యేసి నొక్కబోయారు. వాళ్ళని బయటికి పొమ్మన్నాను. ఆ పెట్టె విప్పేసి, ఆమె ఒంపుకి కొలత తీసుకుని, ఇంకోటి చేశాను లోతుగా. పక్కకి తిప్పి పడుకోబెట్టాం. పునరుత్థాన దినాన నా భార్య తిన్నగా లేస్తుందా, అలా వంగే లేస్తుందా అని పాస్టరు గారినడిగాను. ఆయన బైబిలు మూసుకుని వెళ్ళిపోయారు. మీరు చెప్పండి. మీరు మేనేజరు కదా."

క్రీస్తుదాసు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వరండాలో ఆకలితో గుంపుకట్టిన పిల్లలు ఇటే చూస్తున్నారు.

వంటపాకలో ఇనుము ఇటుకకి తగిలిన చప్పుడయింది.

సీమోను గిరుక్కున తిరిగాడు. పుష్పమ్మ! గుడ్డలు చుట్టిన పాదాలతో, మడమల మీద నడుచుకుంటూ ఎప్పుడొచ్చిందో వచ్చింది. కొడుకు తెచ్చిన గునపం ఆమె చేతిలో ఉంది. పొయ్యి పైవరసలో ఒక ఇటుక ఊడి కింద పడింది. వెనక సత్యానందం ఆమెని ఆపాలో వద్దో తెలియక చేతులు సగం చాచి నిలబడ్డాడు.

"అదీ!" అన్నాడు క్రీస్తుదాసు తెరిపినపడి. "ఇంట్లో బుద్ధి ఉన్నది ఒక్క ఆ అమ్మాయికే."

"ఆపు!" అని అరిచాడు సీమోను. "నీ కోసం నేను కట్టిస్తే నువ్వే పీకుతావా?"

"నా కోసమే పీకుతున్నానండి."

"వాడి ముందరా?"

"ఎవరి ముందరైతే ఏమిటండీ! నడుము నాది." పుష్పమ్మ గునపం మీద ఆనుకుని ఊపిరి తీసుకుంది. ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. "అత్తయ్యగారికి ఆ పెట్టె చేసేప్పుడు ఆవిడ ఒంపు చూసి కొలిచారు కదా మావయ్యగారూ. పోయినవాళ్ళకి అంత సరిగ్గా కొలిచారు. బతికున్నదాన్ని, నన్ను మాత్రం మీ బల్లకి కొలిచారు."

సీమోనుకి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. అలాంటి మాట కొడుకు అని ఉంటే జన్మలో క్షమించేవాడు కాడు. మేనేజరు అంటే అక్కడే గొంతు పట్టుకునేవాడు. పుష్పమ్మ ముఖం చూశాడు. నొప్పికి పెదవి కరిచి పట్టుకుంది. కళ్ళు మాత్రం దించలేదు.

అతను వెళ్ళి ఆమె చేతిలోంచి గునపం లాక్కున్నాడు.

"తప్పుకో. ఆ కాళ్ళతో నిలబడకు. ఆ పీట మీద కూర్చో."

"కూర్చోనండి. నిలబడితేనే కదా ఎత్తు తెలిసేది."

సీమోను పోటు వేశాడు. అబ్రహాం మేస్త్రి మట్టి బాగా తొక్కి పెట్టాడు, అంత తేలిగ్గా ఊడలేదు. ఒక వరస పోయింది. ఇంకో వరస పోయింది. చెమట వానలా కారింది. క్రీస్తుదాసు పెళ్ళి భోజనం ముగిసినవాడిలా తృప్తిగా చూస్తున్నాడు. సత్యానందం ఊపిరి పీల్చుకున్నాడు. ఇల్లు నిలిచింది, ఉద్యోగం నిలిచింది అనుకున్నాడు కాబోలు.

"ఇంకొకటి తియ్యండి," అంది పుష్పమ్మ.

తీశాడు. ఖాళీ గుండిగ ఎత్తి పొయ్యి మీద పెట్టాడు. ఆమె దగ్గరికొచ్చి అంచు మీద రెండు చేతులూ వేసింది. మోచేతులు పక్కలకి ఆనాయి. భుజాలు లేవలేదు. నడుము వంగలేదు.

"ఇక్కడ ఆపండి," అంది.

సీమోను గునపం కింద పెట్టి, ఊడిన ఇటుకలు ఒక్కొక్కటే ఏరి పొయ్యి పక్కన పేర్చడం మొదలుపెట్టాడు. మట్టి లేదు, సున్నం లేదు. ఇటుక మీద ఇటుక, సందు మీద సందు పడకుండా. పొయ్యి ఎత్తు రాగానే పైన నూరుడు బండ ఒకటి పరిచాడు. అరచేత్తో నొక్కి చూశాడు. కదల్లేదు. బండ అంచు కిందికి గంజి తొట్టి జరిపాడు.

మేనేజరు ముఖం మీది తృప్తి వానకి తడిసిన ముగ్గులా చెదిరిపోయింది.

"ఇదేమిటండీ! నేను కూల్చమన్నాను. కురచ చెయ్యమనలేదు."

"మీరన్నది మీరన్నారు. ఆమె అన్నది నేను చేశాను."

"నేను ఒప్పుకోను."

"మిమ్మల్ని ఎవరడిగారు? నీళ్ళు పొయ్యమ్మా."

పుష్పమ్మ పొయ్యి రాజేసింది. పాకలో ఉన్న కట్టెలు పొడివి, వెంటనే అందుకున్నాయి. నీళ్ళు తెర్లాయి. కడిగిన బియ్యం పోసింది. నిలబడే కలిపింది. వరండాలో పిల్లలు ఒకళ్ళ భుజాల మీదుగా ఒకళ్ళు తొంగి చూశారు. నిలబడి అన్నం కలిపే మనిషిని వాళ్ళు మొన్న చూశారు, భయపడ్డారు. ఇవాళ భయం కాదు, ఇంకేదో ఉంది వాళ్ళ కళ్ళలో. అది క్రీస్తుదాసు కూడా చూశాడు.

అతను గొడుగు ముడిచాడు. గొంతు మళ్ళీ మెత్తబరిచాడు. ఆ మెత్తదనం ఈసారి సీమోను కోసం కాదు.

"సత్యానందం మాస్టారూ."

"ఏవండీ."

"మీ నాన్నగారు పెద్దవారు, ఆయన్ని నేనేమీ అనను. మీ ఆవిడ కాళ్ళు కాలి ఉన్నారు, ఆమెనీ అనను. మీరు చదువుకున్నవారు, మీకు ఒక్క మాట చెబుతాను. ఆ గుండిగ మీద మీ చెయ్యి పడిందా, రేపు బడికి రానక్కర్లేదు. సామాన్లు సర్దుకోవచ్చు."

సత్యానందం తల ఊపాడు. అవునన్నట్టో, విన్నానన్నట్టో.

అన్నం ఉడికింది. పుష్పమ్మ గరిటెతో ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. గుండిగ చెవులకి గుడ్డలు చుట్టి, ఒక్క ఊపున పక్కకి లాగింది. గుండిగ పొయ్యి మీద నుంచి బండ మీదకి ఎద్దుబండి గట్టెక్కినట్టు జరిగింది. కింద పేర్చిన ఇటుకలు కిర్రుమన్నాయి గానీ నిలబడ్డాయి.

ఇక వార్చాలి. ఒకరు గుండిగ వంచాలి. ఇంకొకరు మూతికి చిల్లుల సిబ్బి అదిమి పట్టుకోవాలి. లేకపోతే గంజితో పాటు అన్నమంతా తొట్టిలో పడుతుంది. మంగాయమ్మ వెళ్ళిపోయింది.

సీమోను ముందుకొచ్చి సిబ్బి తీసుకున్నాడు. అది అంచు మీద టకటక కొట్టుకుంది. అప్పటిదాకా గునపం వేసిన చేతులు వశం తప్పి వణుకుతున్నాయి. రెండో చేత్తో మొదటి చేతిని పట్టుకున్నాడు. రెండూ కలిసి వణికాయి.

"మీరొద్దండి మావయ్యగారూ," అంది పుష్పమ్మ మెల్లిగా. "మళ్ళీ నా పాదాల మీదే పడుతుంది."

అతను సిబ్బి బండ మీద పెట్టి పక్కకి జరిగాడు. కొడుకు కేసి చూశాడు.

పుష్పమ్మ తల తిప్పలేదు. గుండిగ చెవులు రెండూ పట్టుకుని, ఆవిరిలో ముఖం కనబడకుండా నిలబడి ఉంది.

"ఏవండీ," అంది. "ఇలా రండి."

సత్యానందం మేనేజరు కేసి చూశాడు. గుండిగ కేసి చూశాడు. లోపల అన్నం గుబగుబమంటోంది. ఇంకొక్క నిమిషం ఆగితే ముద్దయిపోతుంది.

అతను భుజం మీది కండువా తీశాడు. దాన్ని నిలువునా ఒక మడత పెట్టాడు, మళ్ళీ ఇంకో మడత పెట్టాడు. ముఖం తుడుచుకోవడానికో, సిబ్బి పట్టుకోవడానికో సీమోనుకి తెలియలేదు.